గడ్డివామి గుంజలు చెప్పిన సాక్ష్యం: సంతకం లేని ఒక డచ్ పల్లెచిత్రంపై కేస్ స్టడీ

నెదర్లాండ్స్‌లో ఒక కుటుంబం తమ పెద్దలు దాచిన కాగితాలను పంచుకునే సందర్భంలో, వాటిలో ఉన్న ఒక రేఖాచిత్రాన్ని ఏ పేరుతో జాబితాకు ఎక్కించాలన్న ప్రశ్న వచ్చింది. చిత్రం మీద సంతకం లేదు. దాన్ని అతికించిన అట్ట మీద మాత్రం ఎవరో పాతకాలపు దస్తూరీలో పెన్సిలుతో "రెంబ్రాంట్, ఆమ్‌స్టెల్ ఒడ్డు" అని రాసి ఉంచారు. రెంబ్రాంట్ పదిహేడో శతాబ్దపు ప్రసిద్ధ డచ్ చిత్రకారుడు, ఆమ్‌స్టెల్ ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి నది. ఆ రాత నిజమైతే ఆ కాగితం విలువ ఒక రకంగా ఉంటుంది, కాకపోతే పూర్తిగా మరో రకంగా ఉంటుంది కాబట్టి, పంపకానికి ముందే తటస్థమైన అభిప్రాయం కావాలని వారు కోరారు. నా వృత్తి పాత కొయ్య కట్టడాలను కొలిచి నక్షాలు గీయడం, మరమ్మతుకు ముందు వాటి నిర్మాణక్రమాన్ని నిర్ధారించడం. కాగితాన్ని, సిరాను పరీక్షించే పని కాగితాల సంరక్షణలో అనుభవమున్న సహోద్యోగి చూసుకున్నారు. బొమ్మలో కనిపించే ఇల్లు, కొట్టం, గడ్డివామి నిజంగా నిలబడగల కట్టడాలేనా, అవి ఏ ప్రాంతానికి చెందినవి అన్నది తేల్చడం నా వంతు.

ఇలాంటి చిత్రాల విషయంలో సాధారణంగా ముందు చేతివాటాన్ని చూస్తారు. గీత ఎక్కడ ఒత్తుగా ఉంది, ఎక్కడ తేలిపోయింది, చెట్ల ఆకులను ఏ రకమైన మెలికలతో చూపించారు అన్న పరిశీలన అది. దాని విలువను నేను కాదనడం లేదు. కానీ రెంబ్రాంట్ పేరు మీద చెలామణీ అయిన పల్లెచిత్రాల్లో ఆ పద్ధతి ఒక్కటే చాలకపోవడానికి చారిత్రక కారణం ఉంది. 1640లలో, 1650ల తొలినాళ్లలో ఆయన ఆమ్‌స్టర్‌డామ్ పొలిమేరల్లోనూ, ఆమ్‌స్టెల్ నది గట్ల మీద, డీమెన్ వైపు కట్టల మీదా నడుస్తూ పూరిళ్లను, కొట్టాలను విరివిగా గీశాడు. ఆయన శిష్యులూ, పరిచయస్థులూ అదే దారుల్లో, అదే రకమైన ఈక కలంతో, అదే గోధుమరంగు సిరాతో గీశారు. లాంబెర్ట్ డోమర్, పీటర్ డె విత్, ఆబ్రహాం ఫుర్నేరియస్ వంటివారి చిత్రాలు చాలాకాలం గురువు పేరు మీదే నడిచాయి. 1656లో రెంబ్రాంట్ దివాలా తీసినప్పుడు తయారైన ఆస్తుల జాబితాలో ప్రకృతి దృశ్యాల చిత్రాలున్న సంపుటాలు ఉన్నాయి. అవి తర్వాత చేతులు మారాయి. ఆయన శిష్యుడు గోవర్ట్ ఫ్లింక్ కుమారుడి దగ్గరున్న పెద్ద సేకరణను 1723లో ఇంగ్లండ్‌లోని డెవన్‌షైర్ ప్రభువు కొన్నాడు. ఇన్ని చేతులు మారిన చోట అట్ట మీది పెన్సిలు రాతకు ఉన్న బలం స్వల్పం.

మరోవైపు, ఈ చిత్రాల్లోని స్థలాలను నేల మీద గుర్తించడం సాధ్యమేనని 1915లో కళాచరిత్ర పరిశోధకుడు ఫ్రిట్స్ లుగ్ట్ చూపించాడు. రెంబ్రాంట్ నడిచిన దారులను పాత పటాలతో పోల్చి, ఫలానా వంపు, ఫలానా గోపురం, ఫలానా కట్ట అని ఆయన చేసిన గుర్తింపులు నేటికీ ఈ రంగంలో పనికి ఆధారం. అయితే ఆయన దృష్టి ప్రధానంగా స్థలం మీద ఉంది. నేను అదే ప్రశ్నను కట్టడానికి వేశాను: ఈ ఇల్లు ఆమ్‌స్టెల్ ఒడ్డున ఉండదగిన ఇల్లేనా?

చిత్రం సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు, 26 సెంటీమీటర్ల వెడల్పు ఉంది. గోధుమరంగు సిరాతో ఈక కలంతో గీసి, నీడల కోసం పలుచటి సిరా పూత పూశారు. ఎడమవైపు గడ్డి కప్పిన పెద్ద ఇల్లు వెనక మూల నుంచి కనిపిస్తుంది. మధ్యలో ఒక బావి, దాని మీద ఏతం ఉన్నాయి. కుడివైపు గుంజల మీద కప్పున్న గడ్డివామి ఉంది. దాని వెనక చదునైన నేల, దూరంగా ఒక చర్చి గోపురం సన్నటి గీతలుగా ఉన్నాయి. కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూసినప్పుడు లిల్లీ పువ్వు ఉన్న కిరీటపు డాలు నీటిగుర్తు, అంటే కాగితం తయారీలోనే మిల్లు వేసే గుర్తు, కనిపించింది. ఈ గుర్తును ఎన్నో మిల్లులు, పదిహేడో శతాబ్దంలోనే కాక ఆ తర్వాత కూడా వాడాయి కాబట్టి దాని వల్ల కాలం గురించి తేలింది చాలా తక్కువ. అతినీలలోహిత కాంతిలో ఇంటి గీతలు, గడ్డివామి గీతలు ఒకే తీరుగా నల్లగా కనిపించాయని, మధ్యలో సిరా మారిన జాడ లేదని నా సహోద్యోగి తేల్చారు. తర్వాత చెప్పబోయే విషయానికి ఈ ఒక్క ఫలితం అత్యవసరం.

ముందు ఇంటి సంగతి చూద్దాం. డచ్ పల్లెల్లో తూర్పు, మధ్య ప్రాంతాల్లో హాలెన్‌హాయిస్ అనే నిర్మాణం ప్రధానమైనది. దానిలో రెండు వరుసల కొయ్య స్తంభాలు, వాటిని జత చేసే అడ్డదూలాలు కలిసి ఇంటి బరువంతా మోస్తాయి. గోడలు మోసేది ఏమీ ఉండదు. అందుకే మట్టి మెత్తిన తడిక గోడ కూలిపోయినా కప్పు నిలిచే ఉంటుంది, తర్వాతి తరం దాని స్థానంలో ఇటుక గోడ కట్టుకున్నా ఇంటి అస్థిపంజరం మారదు. స్తంభాల మధ్య వెడల్పాటి నడవ, దానికి రెండు పక్కలా తక్కువ ఎత్తు నడవలు ఉంటాయి. పక్క నడవల్లో ఆవులు తలలు లోపలికి, తోకలు బయటి గోడ వైపుకు పెట్టి నిలబడతాయి. మధ్య నడవలో బళ్లు వచ్చి ఆగుతాయి, నూర్పిడి జరుగుతుంది, కోసిన పంటను పై దూలాల మీదికి ఎక్కిస్తారు. ఇంటి ముందు భాగంలో మనుషులు ఉంటారు; వాళ్లకూ పశువులకూ నడుమ పొయ్యికి ఆనుకున్న మందపాటి గోడ ఉంటుంది, పొగగొట్టం ఆ గోడ మీద నుంచే కొప్పు దాటి పైకి వస్తుంది.

ఈ క్రమం తెలిసినవాడు బయటి నుంచి చూసినా లోపలి అమరికను చెప్పగలడు. మన చిత్రంలో పక్కల చూరు మనిషి భుజం ఎత్తుకు దిగి ఉంది. అంటే పక్క నడవల్లో పశువులున్నాయి. వెనక వైపు త్రికోణపు గోడ పైభాగాన్ని కప్పు కొద్దిగా వంగి కప్పింది; గాలి ఎక్కువ తగిలే కొసను కాపాడుకోవడానికి హాలెన్‌హాయిస్‌లలో తరచుగా చేసే ఏర్పాటు అది. పొగగొట్టం కొప్పు మధ్యలో కాక, ముందు వైపుకు జరిగి, సరిగ్గా నడిమి గోడ ఉండవలసిన చోట ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, వెనక ఉన్న పెద్ద జంట తలుపులు గోడతో సమంగా లేవు. అవి ఒక బారెడు లోపలికి జరిగి, వాటి ముందు కప్పు కింద ఒక చిన్న చావడి లాంటి జాగా ఏర్పడింది. చిత్రకారుడు ఆ లోపలి జాగాకు ముదురు పూత వేసి, తలుపు మీది దూలం నీడను విడిగా, మరింత చిక్కగా గీశాడు. నిజంగా అలాంటి తలుపు ముందు నిలబడి చూసినవాడికి తప్ప రెండు నీడల మధ్య ఆ తేడా తట్టదు.

తలుపులు లోపలికి జరగడం అలంకారం కోసం చేసింది కాదు. బండి మీద పంటతో వచ్చి వానకు తడవకుండా ఆగడానికి, పనిముట్లు ఉంచుకోవడానికి ఆ జాగా అవసరం. ధాన్యం పండే ఇసుకనేలల్లో, ముఖ్యంగా తూర్పున ట్వెంటె, దాని పరిసరాల్లో, ఇది మామూలుగా కనిపించే అమరిక. ఆ నేలలు సారం లేనివి కాబట్టి రైతు పేడను, బీడు మీది పైమట్టి పెళ్లలను పశువుల కాళ్ల కిందే పేర్చుకుంటూ పోయి, ఏడాదికి సరిపడా ఎరువు చేసుకునేవాడు. పశువులు, పంట, ఎరువు మూడూ ఒకే కప్పు కింద ఇమిడిన ఇల్లు ఆ వ్యవసాయానికి సరిపడ్డది.

ఆమ్‌స్టెల్ ఒడ్డు పరిస్థితి వేరు. అక్కడి నేల పీట్ మట్టి, అంటే తడిలో కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన నేల. మురుగు తీసిన కొద్దీ అది కుంగుతుంది, కుంగిన కొద్దీ తడి పెరుగుతుంది, చివరకు ధాన్యం పండించడం కుదరక గడ్డి, పాలు, వెన్న, జున్ను మిగులుతాయి. పక్కనే ఆమ్‌స్టర్‌డామ్ లాంటి నగరం ఉన్నప్పుడు పాడి లాభసాటి కూడా. అలాంటి చోట నూర్పిడి నడవ, బండి తలుపు ప్రాధాన్యం కోల్పోతాయి. వాటికి బదులు పాలు చల్లగా ఉంచే సగం నేలలోకి దిగిన నేలమాళిగ, దాని మీద కాస్త ఎత్తులో ఒక గది ఉంటాయి. బయట నుంచి చూస్తే నేలకు ఆనుకున్న చిన్న కిటికీ, దాని మీద మామూలు కంటే ఎత్తులో మరో కిటికీ కనిపిస్తాయి. మన చిత్రంలో అవి లేవు. ఇల్లు వెనక నుంచి కనిపిస్తోంది కాబట్టి అవి అవతలి వైపు ఉండి ఉండవచ్చు. లేకపోవడాన్ని నేను పెద్ద సాక్ష్యంగా తీసుకోలేదు. లోపలికి జరిగిన బండి తలుపు ఉండటం మాత్రం గట్టి సాక్ష్యం. ఈ ఇల్లు ఆమ్‌స్టెల్‌ది కాదు. అట్ట మీది రాతలో రెండో సగం ఇక్కడితో వీగిపోయింది.

మొదటి సగం మాత్రం ఇంతటితో వీగదు. రెంబ్రాంట్ నగరం చుట్టూనే తిరిగాడనుకోవడం సరికాదు. యూట్రెక్ట్ ప్రాంతపు తూర్పు అంచున ఉన్న రేనెన్ పట్టణపు ద్వారాలను ఆయన గీశాడు. ఇసుకనేలల ఇళ్లు ఆయన కంటపడే ఉంటాయి. కాబట్టి ఇంటి ఆధారంతో చిత్రకారుడిని తోసిపుచ్చడానికి నేను ఒప్పుకోలేదు. ఆ పని గడ్డివామి చేసింది.

డచ్చివారు హోయ్‌బెర్గ్ అనే ఈ గడ్డివామి చూడటానికి సాదాసీదాగా ఉన్నా చాలా తెలివైన కట్టడం. నేలలో నాలుగో ఐదో పొడవాటి గుంజలు పాతుతారు. వాటి నడుమ గడ్డి పేరుస్తారు. పైన రెల్లు కప్పిన గూడు లాంటి కప్పు ఉంటుంది, అయితే అది గుంజల తలల మీద కూర్చోదు. కప్పు మూలలు గుంజలకు తగిలి, గుంజల్లో వరుసగా తొలిచిన రంధ్రాల్లో దూర్చిన చీలల మీద ఆనుతాయి. గడ్డి పెరిగితే ఒక్కో మూలను ఎత్తి చీలను పై రంధ్రంలోకి మార్చి కప్పును లేపుతారు, శీతకాలంలో పశువులు గడ్డి తినేకొద్దీ దింపుతారు. కప్పు ఎప్పుడూ గడ్డిని తాకుతూ ఉంటుంది కాబట్టి వాన లోపలికి కొట్టదు. తడిగా పేర్చిన గడ్డి లోలోపల వేడెక్కి తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉంటుంది. అందుకే ఈ వామి ఇంటికి దూరంగా, విడిగా ఉంటుంది.

దీని వల్ల చిత్రాన్ని చదివేవాడికి ఒక సౌకర్యం ఉంది. కప్పు పై చీలల మీద ఉంటే గడ్డికోత అయిపోయి కొద్దికాలమే అయిందని, కిందికి దిగి ఉంటే శీతకాలం గడిచిందని అర్థం. కప్పు కిందికి దిగినప్పుడు గుంజల పైభాగాలు కప్పును దాటి ఆకాశంలోకి నిటారుగా పొడుచుకొని కనిపించి తీరాలి. నేల మీద చూసి గీసిన డచ్ చిత్రాల్లో ఆ బోసి గుంజలు దృశ్యానికి ఒక గుర్తులాగా నిలుస్తాయి.

మన చిత్రంలో కప్పు బాగా కిందికి దిగి ఉంది. దాని కింద గడ్డి నడుము ఎత్తు కూడా లేదు. గుంజలు మాత్రం కప్పు చూరు దగ్గరే ఆగిపోయాయి! కప్పు వాటి మీద గొడుగులా కూర్చుంది. ఆ నాలుగు కురచ గుంజల మీద కప్పును పైకి లేపే మార్గమే లేదు. ఆ వామిలో ఎప్పటికీ నడుము ఎత్తు గడ్డి తప్ప పట్టదు. చీలలు లేవు, రంధ్రాల చుక్కలు లేవు. పైగా దగ్గరగా, భూతద్దంతో చూస్తే కప్పు కొన దగ్గర, ఆకాశంలో, దేనికీ అతకని రెండు చిన్న నిలువు గీతలు ఉన్నాయి. మూలచిత్రంలో కప్పు వెనక ఉన్న గుంజల కొసలు అవి. గీసినవాడు వాటిని చూశాడు, చూసింది ఏమిటో అర్థం కాక కప్పు కొన మీద అలంకారంగా మార్చి వదిలేశాడు. ఇంటి తలుపు దగ్గర రెండు నీడలను విడదీయగలిగిన కన్ను, పది సెంటీమీటర్లు కుడికి జరిగేసరికి గుంజ ఎక్కడ ముగుస్తుందో తెలియని కన్నుగా మారిందంటే, ఆ రెండిటి మూలాలూ వేరన్నమాట.

దీన్ని సమర్థించే మరో ఆధారం నీడగీతల వాలులో దొరికింది. కుడిచేతివాటం ఉన్నవాడు వేగంగా నీడగీతలు గీస్తే అవి సహజంగా కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి వాలుతాయి. ఇంటి గోడ మీది గీతలన్నీ అలాగే ఉన్నాయి. గడ్డివామి కింది నీడలో మాత్రం గీతలు ఎడమ పైనుంచి కుడి కిందికి వాలాయి. పైగా వేగంగా కాక, ఒక్కొక్కటీ నిదానంగా, సమాన దూరంలో ఉన్నాయి. రాగిరేకు మీద చెక్కిన బొమ్మను కాగితం మీద అచ్చు వేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి, గీతల వాలు కూడా తారుమారవుతుంది. రెంబ్రాంట్ ఎచింగ్‌గా (రాగిరేకు మీది గీతలను ఆమ్లంతో తొలిపించి అచ్చు వేసే పద్ధతి) చేసిన ఆమ్‌స్టర్‌డామ్ నగర దృశ్యం కూడా అచ్చులో తిరగబడే కనిపిస్తుంది. కాబట్టి తన చేతికి ఎదురు వాలులో, నిదానంగా గీసిన గీతలు అచ్చుబొమ్మను ఎదురుగా పెట్టుకొని చూసి రాసినవాడి గీతలు. రెండు భాగాల్లోనూ సిరా ఒకటే అన్న పరీక్ష ఫలితం ఇక్కడ పనికి వచ్చింది: గడ్డివామిని తర్వాతి కాలంలో వేరొకరు చేర్చారన్న వాదనకు చోటు లేదు. ఒకే మనిషి, ఒకే పూనికలో, ఇంటిని ఒక మూలం నుంచి, వామిని ఒక అచ్చుబొమ్మ నుంచి తీసుకొని ఒకే కాగితం మీద కలిపాడు.

ఇక్కడ కుటుంబం తరఫున ఒక న్యాయమైన అభ్యంతరం వచ్చింది. కలిపి గీయడం ఆ కాలపు చిత్రకారులందరూ చేసిందే కదా అని వారు అడిగారు. నిజమే. 1641 నాటి రెంబ్రాంట్ ఎచింగ్‌లలో ఒకదానిలో పూరిల్లు, గడ్డికొట్టం ముందు నిలబడితే, వెనక ఒక పక్క ఆమ్‌స్టర్‌డామ్ నగరపు రూపురేఖ, మరో పక్క ఆమ్‌స్టెల్ ఒడ్డు భవనం కోస్ట్‌ఫెర్‌లోరెన్‌గా పరిశోధకులు గుర్తించిన కట్టడం కనిపిస్తాయి. ఆ అమరిక గదిలో కూర్చొని కూర్చింది. చిత్రకారుడు ఆబ్రహాం బ్లూమార్ట్ యూట్రెక్ట్ పరిసరాల్లో శిథిలమైన ఇళ్లను, పావురాల గూళ్లను ఎంతో శ్రద్ధగా గీసి, వాటినే మళ్లీ మళ్లీ వాడుకున్నాడు. 1613-14లో బోల్స్‌వెర్ట్ వాటి ఆధారంగా చెక్కిన అచ్చుబొమ్మలు దేశమంతా తిరిగాయి. అంతకు ముందు హిరోనిమస్ కాక్ ఆంట్‌వెర్ప్‌లో 1559లో, 1561లో అచ్చు వేసిన చిన్న పల్లెదృశ్యాలను 1612లో క్లాస్ యాన్స్ విస్హెర్ ఆమ్‌స్టర్‌డామ్‌లో మళ్లీ చెక్కి అమ్మాడు. ఆంట్‌వెర్ప్ చుట్టుపక్కలి బ్రబంట్ ప్రాంతపు పల్లెల ఇళ్లు ఆ విధంగా హాలండ్ యువ చిత్రకారుల చేతికి వచ్చాయి. చిత్రంలో ఫలానా ప్రాంతపు ఇల్లు ఉందంటే చిత్రకారుడు ఆ ప్రాంతానికి వెళ్లాడని అర్థం కాకపోవడానికి ఇదే కారణం.

అందుచేత కలిపి గీశాడన్నదాన్ని నేను ఆక్షేపణగా నివేదికలో రాయలేదు. కలిపినవాడికి తాను కలుపుతున్నది ఏమిటో తెలుసా అన్నదే నా ప్రశ్న. ఆమ్‌స్టెల్ గట్టు మీద పదే పదే నడిచినవాడికి, ఆ దారిలో తరచుగా ఎదురయ్యే హోయ్‌బెర్గ్ ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం నమ్మశక్యం కాదు. రెంబ్రాంట్ తొందరలో గీసిన నాలుగు గీతల్లో కూడా ఏ కర్ర దేన్ని మోస్తుందో స్పష్టంగా ఉంటుంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ సేకరణలో ఉన్న శీతకాలపు దృశ్యంలో మంచు కప్పిన ఇంటిని కొద్దిపాటి రెల్లుకలం గీతలతోనే నిలబెట్టాడు. వివరం తగ్గడం వేరు, అర్థం తప్పడం వేరు. గురువుదే కాదు, ఆ పరిసరాల్లో ఆయనతో పాటు తిరిగిన శిష్యులలో ఎవరిదీ ఈ గడ్డివామి కాదని నా అభిప్రాయం.

శిథిలత గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కుటుంబం చూపించిన పాత ఉత్తరాల్లో "కూలిపోతున్న పేదరైతు ఇల్లు" అన్న వర్ణన ఉంది. కప్పులో రెండు చోట్ల గడ్డి ఊడి వాసాలు కనిపిస్తున్న మాట నిజమే. కానీ కొప్పు గీత తిన్నగా ఉంది, ఎక్కడా కుంగలేదు. అంటే కింది స్తంభాలు, దూలాలు గట్టిగా ఉన్నాయి. అంత పెద్ద మధ్య నడవ ఉన్న ఇల్లు పేదవాడిది కాదు. చిరిగిన కప్పు, వంగిన కంచె కంటికి ఇంపుగా ఉంటాయన్న అభిరుచి ఆ శతాబ్దపు చిత్రకారుల్లో బలంగా ఉండేది. 1707లో చిత్రకారుడు, కళారచయిత గెరార్డ్ డె లైరెస్సె ఆ అభిరుచినే ఎగతాళి చేశాడు. వాసాలు కనిపించే రంధ్రాలు చిత్రకారుడి ఇష్టం, తిన్నగా ఉన్న కొప్పు ఇంటి వాస్తవం అని విడదీసి చూస్తే, ఇంటి భాగం వెనక ఒక మంచి పరిశీలకుడి మూలచిత్రం ఉందన్న నమ్మకం నాకు మరింత పెరిగింది.

బావి, ఏతం మీద ఎక్కువ సమయం పెట్టలేదు. ఏతం కర్ర వెనక కొసకు బరువు ఉంది, ముందు కొస నుంచి కడవ సరిగ్గా బావి మీదికే వేలాడుతోంది. అది రెండు మూలాల్లో దేనికైనా చెందవచ్చు. చర్చి గోపురం మరీ సాధారణమైనది. ఏ ఊరికైనా సరిపోతుంది.

నివేదికలో జాబితా కోసం సూచించిన వివరణ ఇది: "హాలండ్ చిత్రకారుడు, పేరు తెలియదు, పదిహేడో శతాబ్దపు రెండో సగం లేదా ఆ తర్వాత. ఇసుకనేలల ప్రాంతపు హాలెన్‌హాయిస్ ఇల్లు ఒక పూర్వ చిత్రం ఆధారంగా, గడ్డివామి ఒక అచ్చుబొమ్మ ఆధారంగా. అట్ట మీద తర్వాతి కాలపు పెన్సిలు రాత: రెంబ్రాంట్, ఆమ్‌స్టెల్ ఒడ్డు." పాత రాతను తుడిచివేయవద్దని, అట్టను కూడా పారేయవద్దని విడిగా రాశాను; కాగితం ఎవరెవరి చేతుల్లోంచి వచ్చిందో చెప్పే ఆధారం ఎప్పుడైనా దొరికితే ఆ దస్తూరీ పనికివస్తుంది. కుటుంబంలో ఒకరు ఈ ఫలితంతో సంతోషించలేదు, మరో నిపుణుడి అభిప్రాయం కూడా తీసుకుంటామన్నారు. అందుకు వీలుగా గడ్డివామి భాగాన్ని పెద్దది చేసి తీసిన ఛాయాచిత్రాలు, ఇంటి లోపలి అమరికను నేను ఊహించి గీసిన అడ్డుకోత నక్షా, నీడగీతల వాలు గుర్తించిన నకలు జతచేశాను. ఇంటి ముందు గదిలో కిటికీకి ఎదురుగా వేలాడదీసి ఉన్న చిత్రాన్ని అక్కడి నుంచి తీయించి, ఆమ్లరహితమైన అట్టపెట్టెలో పెట్టించాం. బయట పెట్టవలసి వస్తే వెలుతురు 50 లక్స్ దాటకూడదని, అదీ కొద్ది నెలలకు మించకూడదని నా సహోద్యోగి షరతు రాసి ఇచ్చారు.